బొమ్మలును బిడ్డలును

మన పట్టణములలో నలుగురు పెద్దలు కూడినచోటెల్ల నేడొక మొఱ వినవచ్చుచున్నది. పిల్లలు కార్టూను బొమ్మల ముందునుండి లేచుట లేదనియు, కండ్లు చెడుచున్నవనియు, చదువు మూలబడినదనియు, అన్నము ముద్ద దిగవలెనన్నను సెల్లుఫోను చేతికీయవలసి వచ్చుచున్నదనియు తల్లిదండ్రులు వాపోవుచున్నారు. ఈ మొఱలో సత్యము లేకపోలేదు. కాని మాకిది సగము మొఱగనే తోచుచున్నది. బిడ్డ యెంతసేపు చూచెనో లెక్కించుచున్నారు. ఆ బొమ్మ యేమి పలికెనో అప్పుడప్పుడు చెవియొగ్గి వినుచున్నారు. ఆ బొమ్మ యెట్లు నిలుచున్నది, ఎట్లు నడచినది, తల్లి పిలిచినప్పుడు మొగమెట్లు త్రిప్పుకొన్నది, చేయి యెవరిమీదికెత్తినది, పడిపోయినవానిని చూచి యెట్లు నవ్వినది, అను ప్రశ్న వేయువారు మాత్రము మాకు కనబడుట లేదు. బిడ్డ నేర్చుకొనునది ముఖ్యముగ నదియే యని మా వాదము.

మా కోటనే తీసికొందము. గూడూరునుండి సముద్రమువైపు పోవు త్రోవలోనున్న యూరిది. ఇచ్చటి బజారువీధి పిల్లలకు హిందీ రాదు. జపాను భాష సంగతి చెప్పనేయక్కఱలేదు. అయినను హిందీ పలుకు బొమ్మ వచ్చినను చూతురు, తెలుగు పలుకు బొమ్మ వచ్చినను చూతురు, ఇంట చంటిబిడ్డ నిద్రించుచున్నదని మ్రోత బొత్తిగ తగ్గించినను కన్నార్పక చూతురు. మఱునాటి సాయంకాలము వీధిలో ఆట చూడుడు. బొమ్మ పలికిన మాట యొక్కటైనను వారి నోట రాదు. ఆ పిడికిలి బిగింపు వచ్చును. ఆ నడుము త్రిప్పుడు వచ్చును. పెద్దవారు మందలింపగా చేతులు కట్టుకొని కనుబొమ్మ లెగురవేయు ఆ నిలుకడ వచ్చును. మాట చెవిదగ్గఱ ఆగిపోయినది, ఒడలి తీరు మాత్రము లోపలికి పోయినది.

ఇందు వింతయేమియు లేదు. తీరపు పాలెములలో పట్టపువారి పిల్లవాడు వల దులుపుట పాఠముగ నేర్చుకొన్నవాడు కాడు. తండ్రి నడుము వంచిన తీరు, మునివ్రేళ్ళతో కన్నులు లాగిన తీరు చూచి చూచి ఒకనాడు తానును కూర్చుండి లాగును. యానాది బిడ్డ మడవలో పీతను పట్టుటయు నట్టిదే. పసిబిడ్డ మాట రాకమునుపే దణ్ణము పెట్టును, చేయి యూపి పంపును, అలిగి మొగము ప్రక్కకు త్రిప్పును. మనుష్యునికి మొదటి బడి ఎదుటివాని యొడలే. అట్టిచో దినమునకు రెండు మూడు గంటలు బిడ్డ యెదుట నిలుచు ఆ రంగుల యొడలు ఏమి నేర్పుచున్నదో విచారింపకుండుట యెట్లు?

మన పూర్వులీ సంగతి బాగుగ నెఱిగినవారు. అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగ విభజించి, వాచికమునకు ముందు ఆంగికమునే యుంచిరి. పండితుల సంగతి యటుండనిండు. మన పల్లెలవారికిని ఇది తెలియును. టెలివిజను పుట్టుటకు మిక్కిలి పూర్వమే మన తెలుగుదేశమున కదలు బొమ్మలు గలవు గదా! తెల్లని వస్త్రము కట్టి, వెనుక దీపముంచి, తోలుబొమ్మల నాడించుచు రామాయణ భారతములను రాత్రులకు రాత్రులు చూపిన కుటుంబములు నెల్లూరు మండలమునను, అనంతపురపు సీమయందును, గోదావరి ప్రాంతమునను నుండెను. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది.

ఆ తోలుబొమ్మలాటలో రాముడును సీతయు మాత్రమే యుండిరని యెవరును భ్రమపడవలదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనువారు నడుమనడుమ దూకి చేయు చేష్టలు కొన్ని ఈ పత్రికలో వ్రాయదగినవి కావు. నేడు టెలివిజనులో వచ్చినయెడల వందమంది అర్జీలు పెట్టుదురు. అయినను ఆ ఆట చూచి ఊళ్ళకూళ్ళు చెడిపోయినట్లు వినలేదు. కారణమేమి? ఆ బొమ్మ యేటికొకసారి వచ్చెడిది. ఊరంత ఒక్కచోట కూర్చుండి చూచెడిది. కేతిగాని చేష్టకు బిడ్డ నవ్వినప్పుడు ప్రక్కన అవ్వయు నవ్వెడిది. హద్దు మీఱినప్పుడు తొడపాశము పెట్టెడిది. ఈ చేష్ట కేతిగానిది, రామునిది కాదు, అను భేదము బిడ్డకు ఆ రాత్రియే తెలిసిపోయెడిది. రాముని బొమ్మ ఒక రీతిని నిలుచును, కేతిగాని బొమ్మ మఱొక రీతిని ఎగురును. నిలుకడనుబట్టియే మర్యాద తెలియునట్లు ఆ చర్మమును కోసినవాడు కోసెను.

నేటి బొమ్మ ఒంటరిగ వచ్చుచున్నది. అంతకంటె పెద్ద మార్పేమనగా, కేతిగాడే నాయకుడైనాడు.

షించాన్ అను అయిదేండ్ల బాలుని బొమ్మ సంగతి చదువరులలో ననేకులకు తెలియును. జపాను దేశమున ఉసుయి యొషితోగారు 1990లో పెద్దలు చదువుకొను వారపత్రికయందు గీసిన బొమ్మయది. పెద్దలకొఱకు గీసినది మన దేశమునకు పిల్లల ఛానలు మీదుగ వచ్చినది. 2006లో హంగామా ఛానలునందు మొదలై, తెలుగు గొంతులు కూడ తగిలించుకొని మన యిండ్లలోనికి ప్రవేశించినది. ఆ బాలుడు లాగు జాఱవిడిచి పిఱ్ఱలాడించును. తల్లి కోపగించిన వెక్కిరించును. వయసు వచ్చిన స్త్రీలను చూచి మెలికలు తిరుగును. పిల్లలు అనుకరించుచున్నారని తల్లిదండ్రులు ఆక్షేపింపగా 2008లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ దానిని నిలిపివేయించెను. మఱుసటి యేడు కత్తిరింపులతో ఆ బాలుడు మరల విచ్చేసెను.

ఇందు మేము గమనింపుమని కోరునది తర్జుమా సంగతి. గొంతు తెలుగైనది. కొన్ని మోటు మాటలను మనవారు మెత్తపఱచిరి. ఒడలు మాత్రము గీసినవాడు గీసినట్లే వచ్చినది. ఒడలిని తర్జుమా చేయుట యెవరి తరము? తల్లి యెదుట బిడ్డ యెట్లు నిలువవలెనను విషయమున జపాను ఇంటికి దాని నవ్వు దానికి గలదు. ఆ దేశపు పెద్దవాడు చదివి, అట్లు చేయరాదు గనుకనే నవ్వును. మన యయిదేండ్ల బిడ్డకు ఆ మర్మము తెలియునా? నవ్వు వచ్చినది గనుక తానును చేయును. చేసినప్పుడు పినతండ్రులు మేనమామలు పకపక నవ్వి, మఱల చేయుమందురు. ఫోనులో చిత్రము కూడ తీయుదురు. తరువాత బడిలో పంతులుగారి యెదుట అదే చేసి బెత్తపు దెబ్బ తినును. దెబ్బ యెందుకో వానికి తెలియదు. ఇంట మెప్పించిన యొడలు బడిలో నేరమైనది. ఆ కలవరము బిడ్డకు కలుగు కష్టము; దానిని మాత్రము చెడు నడవడి యని వ్రాసికొనుచున్నాము.

న్యాయవాదవృత్తిలోనున్నవారము గనుక నియమములు తిరుగవేసి చూచితిమి. 1994 నాటి కేబుల్ టెలివిజను నియమములలో ఆరవది కార్యక్రమముల మర్యాదను నిర్ణయించును. పిల్లలకొఱకైన కార్యక్రమములలో చెడు భాషయు, హింసను బట్టబయలుగ చూపు దృశ్యములును లేకుండ జాగ్రత్తపడవలెనని అందున్నది. మంచిదే. కాని చదువరులు విమర్శింపవలెను: భాష యన్నారు, హింస యన్నారు, ఈ రెంటికి నడుమనున్న విశాలమైన మైదానమంతయు విడిచిపెట్టినారు. ఎగతాళిగ కన్ను గీటుట హింస కాదు. ముసలివాని నడకను వెక్కిరించుట భాష కాదు. లావుపాటి బాలుడు దొర్లిపడగా తక్కినవారు పొట్టలు పట్టుకొని నవ్వుట ఏ పద్దులోనికిని రాదు. సభ్యతకు విరుద్ధము కారాదను సామాన్య వాక్యమొకటి గలదు గాని, దానిని బట్టి యేది నిలుపవచ్చునో యేది నిలుపరాదో నిర్ణయించుట కూర్చున్న యధికారి యభిరుచిపై నాధారపడును. మేము నిషేధములకు మిత్రులము కాము. అచ్చుపత్రికలపై నిషేధములు విధించిన ప్రభుత్వమును ఈ దేశమెఱుగును. మఱియు నిషేధమువలన ఫలమును లేదు. 2008లో ఛానలుపై నిలిపిన బొమ్మ నేడు ప్రతి సెల్లుఫోనులోను నడయాడుచున్నది.

బొమ్మను చూచి బిడ్డ మాఱుననుటకు సాక్ష్యమేమని యడుగువారు గలరు. అడుగవలసినదే. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్టు బాండురా అను మనశ్శాస్త్రజ్ఞుడు తన మిత్రులతో గూడి యొక పరీక్ష చేసెను. 96 మంది పసిపిల్లలను, బాలబాలికలను సమసంఖ్యగ తీసికొని, కొందఱికి ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను కొట్టుట యెదుటనే చూపెను. కొందఱికి అదే ఫిలిములో చూపెను. మఱికొందఱికి నల్లపిల్లి వేషమువేసిన మనిషిచేత కార్టూనుగ చేయించి టెలివిజను పెట్టెలో చూపెను. కొందఱికి ఏమియు చూపలేదు. తరువాత పిల్లలకు చిన్న చికాకు కలిగించి బొమ్మలున్న గదిలో విడిచిపెట్టగా, చూచినవారు చూడనివారికంటె ఇంచుమించు రెట్టింపు దుడుకుతనము కనబఱచిరి. పిల్లి వేషమైనను ఫలము తగ్గలేదు.

ఈ పరీక్షను తప్పుపట్టినవారును గలరు. వారి మాటలో న్యాయమున్నది. కొట్టుటకే చేసిన బొమ్మను కొట్టుట మనిషిని కొట్టుట యగునా? ఆ గదిలో ఆ గంట చూపిన దుడుకు ఇంటికి వెళ్ళినపిదప నిలుచునా? ఈ ప్రశ్నలను మేము త్రోసిపుచ్చము. కాని ఆ పరీక్షలో మా మనసునకు పట్టినది లెక్క కాదు, ఆ గాలిబొమ్మయే. దానికి క్రింద బరువుండును. ఎన్ని దెబ్బలు కొట్టినను మరల లేచి నిలుచును. కార్టూను బొమ్మలన్నిటికిని అదే గుణము. 1940లో పుట్టిన టాము పిల్లి జెర్రీ యెలుకల ఆటను మనమందఱము చూచి నవ్వినవారమే. పిల్లి తల పెనముతో చదునగును. మఱునిమిషమున యథాప్రకారము పరుగెత్తును. దెబ్బ కలదు, నొప్పి లేదు. చేయి యెత్తుట యెట్లో సమగ్రముగ చూపి, ఆ చేయి పడినచోట నేమి జరుగునో దాచిపెట్టినారు. మేము ఎనుబది యేండ్లనుండి నవ్వుచున్నాము, హంతకులమైతిమా యని కొందఱు ప్రత్యుత్తరమిత్తురు. కాలేదు. కాని ఆ తరము పిల్లలు అది చూచి వీధిలోనికి పోయి, నిజమైన తోటివానిని నిజముగ కొట్టి, వాని యేడుపు చూచి, తామును దెబ్బతిని, నొప్పి సంగతి అచ్చటనే తెలిసికొనిరి. వీధి యుండెను. వీధి లేని బిడ్డకు ఆ రెండవ పాఠము చెప్పువారెవరు?

వేగము సంగతి కూడ నొకమాట. 2011లో అమెరికాలో 60 మంది నాలుగేండ్ల పిల్లలపై చేసిన పరీక్షలో, తొమ్మిది నిమిషములు మిక్కిలి వేగముగ ఎగిరిపడు కార్టూనును చూచినవారు, నెమ్మదియైన బొమ్మను చూచినవారికంటెను, రంగులు వేసికొనుచు కూర్చున్నవారికంటెను ఓర్పుతో మనసు నిలుపవలసిన పనులలో వెనుకబడిరి. అది అప్పటికప్పటి ఫలమే; శాశ్వతమని యెవరును చెప్పలేదు. తొమ్మిది నిమిషములకే యిట్లైన మన యిండ్లలో భోజనకాలమున నడచు గంటల సంగతి తల్లులే యూహించుకొనవచ్చును.

ఇంతవఱకు చెడుగునే చెప్పితిమి. మేలునకు సాక్ష్యము మన దేశముననే గలదు. గాంధీ మహాత్ముడు తన యాత్మకథలో చిన్ననాటి సంగతి యొకటి వ్రాసియున్నాడు. ఊరూర తిరుగుచు బొమ్మలు చూపువారు రాగా, శ్రవణకుమారుడు గ్రుడ్డివారైన తల్లిదండ్రులను కావడియందుంచి భుజమున మోసికొని యాత్రకు పోవుచున్న బొమ్మను ఆయన చూచెను. ఆ కథ గల పుస్తకమును చదివెను. పుస్తకమును బొమ్మయు రెండును ఆయన మనసున చెఱగని ముద్ర వేసినవి. తరువాత హరిశ్చంద్ర నాటకము చూచి వచ్చి తనలో తానే లెక్కలేనన్ని మాఱులు హరిశ్చంద్రుడై యభినయించుకొనెను. చదువరులు గమనింతురుగాక. ఆ శ్రవణుని బొమ్మ నోరు విప్పి నీతి చెప్పలేదు. బరువు క్రింద వంగిన భుజమొక్కటే యున్నది. 2017లో ప్రకటితమైన యొక యమెరికా పరీక్షయు ఈ మార్గమునే యున్నది: నాలుగు, ఆరేండ్ల పిల్లలకు విసుగు పుట్టించు పని యొకటి యిచ్చి, బాట్‌మాన్ మొదలగు తమకిష్టమైన వీరుని వేషముతో చేయుమనగా, తామై చేసినవారికంటె ఆ వేషగాండ్రు ఎక్కువసేపు ఓర్చి పని చేసిరి. వీరుని భుజముపై గుడ్డ కప్పుకొన్న పిల్లవాడు వీరునివలె కూర్చుండెను. కావున బొమ్మకు బిడ్డను నిలబెట్టు శక్తియు గలదు. ఆ శక్తిని ఎవరు దేనికి వాడుచున్నారనునదియే ప్రశ్న.

ఈ ప్రశ్న పరదేశములవారినే యడిగిన చాలదు, హైదరాబాదును అడుగవలెను. రాజీవ్ చిలకగారు స్థాపించిన గ్రీన్ గోల్డు సంస్థ యచ్చట గీసి యాడించిన ఛోటా భీముడు 2008లో పోగో ఛానలున వెలువడి దేశమంతట పిల్లల మనసులు దోచుకొన్నాడు. తెలుగుగడ్డపై పుట్టిన బొమ్మ జపాను అమెరికా బొమ్మల సరసన నిలిచినందులకు మేము నిజముగ గర్వించుచున్నాము. ధోవతి కట్టిన నాయకుడు, లడ్డు తినిన వచ్చు బలము, పల్లెటూరు, నేస్తములు, వీని యందము కాదనలేము. అటుపిమ్మట 2019లో నెట్‌ఫ్లిక్సున వచ్చిన పసి భీముని కథలలో సంభాషణయే లేదు. ఒడలి భాష యొక్కటే చాలునని, దానికి తర్జుమా యక్కఱలేదని, దేశదేశముల పిల్లలు దానిని చూచుచున్నారని ఈ సంస్థయే నిరూపించినది. మా వాదమునకు ఇంతకంటె గట్టి సాక్షి మాకు దొరకడు.

అందుచేతనే ఆ సంస్థవారిని కొన్ని మాటలడుగుటకు మాకు చనువు గలదు. లడ్డు తినగానే భీముని కండ పొంగును, పిడికిలి లేచును; చిక్కు పిడికిలితో విడిపోవును. అన్ని చిక్కులును పిడికిలితోనే యేల విడిపోవలెను? లావుపాటి కాలియాయే ప్రగల్భి, అసూయాపరుడు, దొర్లిపడి నవ్వులపాలగువాడు ఏల కావలెను? లావుపాటి బాలుడు లేని తరగతి గలదా? బొమ్మ వచ్చిన మఱునాటినుండి వానికి ఆ పేరు పడును. వాడు పరుగెత్తుటకు సిగ్గుపడి ఆటస్థలము విడుచును. విడిచినకొలది ఇంకను లావగును. చుట్కీ లడ్లందించి చేతులు జోడించి యెన్నిమాఱులు ప్రక్కన నిలువవలెను? ఆమె ముందునకు వచ్చి చొరవ చూపు కథలును గలవని మేమెఱుగుదుము. వానిని పెంచుమని యడుగుచున్నాము. అన్నిటికంటె ముఖ్యముగ, నాయకుడు ఏడ్చుట, అలసి కూర్చుండుట, తప్పుచేసి తలవంచి క్షమ యడుగుట బిడ్డలు చూడవలెను. ఏడ్వనెఱుగని వీరుని చూచి పెరిగిన పిల్లవాడు బడిలో అవమానము జరిగినను ఇంట చెప్పడు. బొమ్మ గీయువాని కలమున నాలుగు గీతలతో అయిపోవు పనియిది.

ఇక ప్రభుత్వపు సంగతి. 2021 నాటి నియమములు ఇంటర్నెట్టున సినిమాలు ధారావాహికలు ప్రదర్శించు సంస్థలకు వయసులనుబట్టి వర్గములేర్పఱచినవి. ఏడేండ్లు, పదమూడు, పదునాఱు అని గుర్తులున్నవి. చూపబోవునది యెట్టిదో క్లుప్తముగ తెలుపవలెననియు గలదు. ఆ తెలుపు మాటలలో పెద్దలను వెక్కిరించు చేష్టలు, శరీరమును పరిహసించు దృశ్యములు గలవని యొక పంక్తి చేర్చుట నిషేధము కాదు, తల్లికి సమాచారమే. కాని యూట్యూబున ఎవరుబడిన వారెక్కించు బొమ్మలకు ఈ గుర్తులంటవు. 2017లో ప్రపంచమంతట నలజడి పుట్టినది ఇందుచేతనే. పిల్లలెఱిగిన బొమ్మల రూపములను దొంగిలించి వానిచేత వికృతచేష్టలు చేయించిన చిత్రములు వేలకొలది బయటపడినవి. మొగము తెలిసినదే గనుక తల్లి నిశ్చింతగ ఫోను చేతికిచ్చెను. ఇట్టిచోట ఢిల్లీనుండి వచ్చు నియమముకంటె ఇంటిలోని కన్నే దగ్గఱ.

రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకొక గంటకు మించి తెర కూడదని, అంతకు చిన్నవారికి అసలే వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఆ గంటలో నొక పావుగంటయైన ప్రక్కన కూర్చుండుడని మేము చెప్పుచున్నాము. తీరికలేదందురు. మా తీరమున ప్రతియేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదు. పిల్లల వేసవి సెలవులును దాదాపుగ అప్పుడే. ఆ రెండు నెలలు తండ్రులు ఇంటిపట్టుననుందురు. పట్టణమున మనవంటి ఉద్యోగులకు, వకీళ్ళకు ఆదివారములు గలవు, కోర్టు సెలవులు గలవు.

పఠనమందిరములకు వచ్చు పెద్దలను మేము కోరునది సులభమైన పని. ఇంట బిడ్డ ఎక్కువగ చూచు బొమ్మ యేదో తెలిసికొని, ఒకనాడు మ్రోత పూర్తిగ తీసివేసి, పావుగంటసేపు మీరే చూడుడు. మాటలు వినబడవు గనుక ఒడళ్ళు మాత్రమే కనబడును. ఎవరు ఎవరికెదురుగ నెట్లు నిలుచుచున్నారు, ముసలివారు తెరమీదికి వచ్చినప్పుడు చిన్నవారి మెడలు ఎటు తిరుగుచున్నవి, పడినవానికి చేయి యందించువారున్నారా, ఆడుపిల్ల గదిలో ఏ మూల నిలుచున్నది, చూచి కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితములు పదియో యిరువదియో మందిరమున చేరిన తరువాత, బడి పంతుళ్ళను, అంగనవాడి అమ్మలను పిలిచి కూర్చుండి మాటలాడుదము. ఆ చర్చలో తేలిన ఆక్షేపణలను గ్రీన్ గోల్డు వారికిని, ఛానలులవారికిని తెలుగులో వ్రాసి పంపు పని మేము నెత్తిన వేసికొందుము.